తదితరులమ్మ

మొన్న ఛత్రినాకల ఒక పగటి పెండ్లి. మైకు సెట్టు నాదే, మైకుల మాట్లాడే నోరు కూడ నాదే. రెండు పనులకు ఒక్కటే మనిషి కావాల్నంటె ఈ దిక్కు నన్నే పిలుస్తరు. అక్షింతలు పడ్డయి, అన్నాలకు పిలిచే ముందు పెండ్లికూతురు మేనమామ వచ్చి నా చేతుల ఒక కాయితం పెట్టిండు.

"అన్నా, పెండ్లికి సాయం జేసినోళ్ళ పేర్లు ఇవి. జర మంచిగ చదివి థ్యాంక్స్ చెప్పు."

చదివిన. ఫలాన పెద్దమనిషి, ఫలాన సేఠ్, ఫలాన సారు. ఏడు పేర్లు అయినయి. ఎనిమిదో దగ్గర "మరియు తదితరులు" అని ఉన్నది. నోరు తెరిచిన. మాట రాలే.

ఇరవై ఏండ్ల సంది మైకు పట్టుకున్నోన్ని. కరెంటు పోయినా నా నోరు పోలే. పెండ్లికొడుకు అలిగి మేడెక్కి కూసున్న పెండ్లిల గంట సేపు జోకులు చెప్పి జనాన్ని ఆపినోన్ని. గసొంటోన్ని ఒక్క మాట కాడ ఆగిపోయిన. బాక్సులల్లకెల్లి నా ఊపిరి ఒక్కటే బుస్సు బుస్సుమని వినపడుతున్నది. మేనమామ దూరం నుంచి ఏమైందని చేతులు తిప్పుతుండు.

ఏమైందంటె, ఆ మాట మీద ఒక ముసలామె కూసున్నది. లేస్తలేదు.

ఆమె పేరు నేను రాస్తలేను. ఎందుకు రాస్తలేనో ఆఖర్ల చెప్త. బస్తీ మొత్తం ఆమెను తదితరులమ్మ అనే పిలిచేది. పాలకు పోయినోళ్ళు, కూరగాయల బండాయన, ఆటోవాలాలు, అందరికి తదితరులమ్మనే. ఒక్క రేడియోకు గల్లీ గల్లీ చెవి పెట్టి కూసున్న రోజులల్ల ఆమె రేడియో నాటకాల ఆర్టిస్టు. ముఖం ఎవరికి తెల్వది. గొంతు మాత్రం ఊరూరికి తెలుసు.

నాకు ఆమె దొరికింది బోనాల పండుగల. కొత్తగ మైకు పట్టిన రోజులు. జనం ఇసుక పోస్తె రాలనంత ఉన్నరు. నేను మైకును మూతికి అతికిచ్చుకొని "జరగండి, జరగండి" అని ఒర్రుతున్న. జనం జరుగుడు కాదు, నా లొల్లికి చెవులు మూసుకుంటున్నరు. వెనుకకెల్లి ఒక ఎత్తు మనిషి వచ్చింది. తెల్ల చీర, బుగ్గల ఒక లవంగం.

"ఓ బిడ్డా, మైకును తింటున్నవా, మైకుల మాట్లాడుతున్నవా?"

"జనం మస్తున్నరు పెద్దమ్మా. వినపడాలె గదా."

"వినపడాల్నంటె ఒర్రాల్నా? అమ్మవారికి చెముడా?"

అని, నా నోటికి మైకుకు నడుమ చెయ్యి పెట్టింది. బొటనవేలు నా పెదవికి, చిటికెన వేలు మైకుకు. జానెడు. "గింత దూరం. దీనికన్న దగ్గరికి పోతె ఉమ్ము వినపడ్తది. దూరం పోతె భయం వినపడ్తది."

నేనేదో అనేలోపు మైకు ఆమె చేతులకు పోయింది. లవంగాన్ని ఈ బుగ్గకెల్లి ఆ బుగ్గకు మార్చింది. పక్కింటామెతోని ముచ్చట పెట్టినంత మెల్లగ అన్నది: "తల్లులారా, జర దారియ్యున్రి. మీ వెనుక బోనం ఎత్తుకున్న ఒక ఆడబిడ్డ నిలబడ్డది. ఆమె మెడ నొస్తున్నది."

అంతే. జనం రెండు పాయలయింది. ఒక్కొక్కరు వెనుకకు తిరిగి ఆ ఆడబిడ్డ మెడ దిక్కు చూసుకుంట జరిగిన్రు. కోడిపుంజు కూడ కూయలే ఆ రెండు నిమిషాలు.

మైకు నాకిచ్చి అడిగింది. "ఏం చదివినవ్?"

"ఏడు పెద్దమ్మా. ఏడుల ఏడ్చి బయటికొచ్చిన."

"నేను ఏడ్చి లోపటికి పోయిన," అన్నది. "నా నౌకరినే ఏడ్చుడు."

ఆ మాట అర్థం కావడానికి నాకు ఒక సంవత్సరం పట్టింది. రోజు దుకాణం కాడికి వచ్చి, బాక్సు మీద కూసొని, గోరువెచ్చని నీళ్ళు తాగుకుంట ఆమె చెప్పేది. ఎవరు మాట్లాడటానికి దగ్గరికొచ్చినా చెయ్యి చాపి జానెడు దూరం పెట్టేది, మనిషైనా, సెల్ ఫోనైనా. మా దుకాణం కుక్క కూడ ఆ లెక్క నేర్చుకున్నది.

ఆమెది పాలోళ్ళ ఇల్లు. ఛత్రినాకల బర్రెల కొట్టం, పొద్దుగాల పాల గిన్నెలెత్తుకొని ఇల్లిల్లు తిరుగుడు. పదిహేడేండ్ల పిల్లగ ఉన్నప్పుడు హుస్సేనీ ఆలంల ఒక ఇంట్ల పాలు పోసేది. ఆ ఇంట్ల రేడియో స్టేషన్ల నాటకాలు చూసుకునే ఆఫీసరు సారు కిరాయికుండెటోడు. ఒకరోజు పొద్దుగాల కొట్టంల చూడి బర్రె చచ్చిపోయింది. ఈమె పెంచిన బర్రె. అయినా పాలు ఆగద్దు గదా. గిన్నె ఎత్తుకొని పోయింది. సారు ఇంటి గడప మీద గిన్నె దించంగనే ఏడుపు తన్నుకొచ్చింది.

"నేను గడప మీద కూసొని ఏడుస్తున్న. సారు లోపటికెల్లి వచ్చిండు. ఏమైంది బిడ్డా అనాలె గదా? అనలే. కండ్లు మూసుకొని తలకాయ ఊపుకుంట వింటుండు! నేను సిగ్గుపడి ఆపిన. ఆయన చెయ్యి ఎత్తి, 'ఆపకమ్మాయ్, ఆపకు, ఇంకొంచెం' అన్నడు."

ఈ ముచ్చట చెప్పిన ప్రతిసారి తదితరులమ్మ ఒకే మాటతోని ముగిచ్చేది. "బర్రె చచ్చింది, నౌకరి వచ్చింది."

స్టేషనుకు పిలిచి చేతుల కాయితం పెట్టిన్రు, చదువుమని. "నేను వచ్చాను" అని రాసి ఉన్నది. ఈమె "నేను వచ్చిన" అని చదివింది. కాదమ్మా, వచ్చాను. సరె సారూ, వచ్చిన. మూడు సార్లు గిదే.

"ఏం చెయ్యాలె రా? కాయితం మీద వచ్చాను అనే ఉంటది. నా నోట్లకు వచ్చెటాళ్ళకు వచ్చిన అయితది. నడుమ తొవ్వల ఎవడో మార్సుతుండు."

సారు తల పట్టుకున్నడు. ఈ తెలుగు మైకుకు నప్పదు, కాని ఆ ఏడుపును వదలబుద్ధి అయితలేదు. అందుకని ఒక ఉపాయం చేసిండు. మాటలు హీరోయిన్ చెప్తది. ఏడుపు రాంగనే హీరోయిన్ రెండడుగులు వెనుకకు, ఈమె రెండడుగులు ముందుకు. కింద మెత్తటి జంఖానా, కాలి చప్పుడు రాదు. ఏడ్చుడు అయిపోంగనే మళ్ళ ఈమె వెనుకకు, ఆమె ముందుకు. వినేటోళ్ళకు ఒక్క మనిషే.

"ఏడుపుకు యాస లేదు రా మైకోడా. కోస్తామె ఏడ్చినా ఊఊ అనే, మనం ఏడ్చినా ఊఊ అనే. మొగుడు పోయినా, కొడుకు పోయినా, రాజ్యం పోయినా, నన్నే ఏడ్వుమనేది. ఎందరు రాణుల దుఃఖం నా ముక్కులకెల్లి పోయిందో!"

ముక్కు అన్నది ఉత్తగ అనలే. కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని ఏడిస్తె గొంతు బొంగురు పోతదట, మైకుకు పనికిరాదట. అసలు ఏడుపు ముక్కుల ఉంటదని ఆమె సిద్ధాంతం. ఏడ్చే ముందు ఒక జిలేబి తినేది. గొంతు జారుతదని సారుకు చెప్పింది. నాకు మాత్రం, "జిలేబి అంటె ఇష్టం రా, గంతే" అన్నది.

ఇగ ఆ మాట సంగతి. నాటకం అయిపోంగనే అనౌన్సరు పేర్లు చదివెటోడు. ఇందులో పాల్గొన్న వారు ఫలాన, ఫలాన, ఫలాన, మరియు తదితరులు. తదితరులు అంటె మిగిలినోళ్ళన్నట్టు. కొబ్బరి చిప్పలు కొట్టి గుర్రాన్ని ఉరికిచ్చినాయన, చేటల బఠాణీలు ఆడిచ్చి వాన కురిపిచ్చినామె, గుంపుల కేకలేసినోళ్ళు, ఏడ్చిన ఈ పాలోళ్ళ పిల్ల. అందరు ఒక్క మాటల.

ఇంటి కాడ వాళ్ళ బాపు బర్రెల కొట్టంల గోడ మొలకు రేడియో తగిలిచ్చి వినేటోడు. నాటకం వచ్చే యాళకే పాలు పిండెటోడు. బిడ్డ ఏడుపు వింటె బర్రెలు కూడ తన్నకుండ నిలబడుతయని ఆయన నమ్మకం. ఆయనకు చదువు రాదు. సర్కారు తెలుగు అసలే రాదు. నాటకం తరువాత నాటకం విన్నడు. ముంగట పేర్లు మారుతున్నయి. ఆఖరి పేరు మాత్రం మారుతలేదు. ఎప్పుడు చూడు తదితరులు. బిడ్డ ఉన్న ప్రతి నాటకంల ఆ పేరు వస్తున్నది.

పెద్దమనిషి లెక్క కట్టిండు. స్టేషనోళ్ళు నా బిడ్డకు పెట్టిన పేరు ఇది!

ఇగ ఆగుతడా? పాలు పోసిన కాడల్ల చెప్పిండు. "నా బిడ్డ లేకుంటె వాళ్ళకు నాటకమే లేదు. హీరోయిన్లు వస్తరు, పోతరు. నా బిడ్డ పక్కా. ఆఖర్ల చెప్తరు సూడు, పెద్దోళ్ళ పేరు ఆఖర్లనే చెప్తరు. తదితరులు!"

బస్తీల ఎవరికన్న ఆ మాట తెలిస్తె గదా, కాదనటానికి! అందరు తలకాయలూపిన్రు. ఈమె పాల గిన్నెతోని పోతుంటె "ఏం తదితరులమ్మా, ఇయ్యాల నాటకం ఉన్నదా?" అని అడుగుడు షురూ చేసిన్రు. ఈమె ఏమన్నది? కొట్టంల కూసొని మెడ నిగిడ్చి పాలు పిండే బాపును చూసి, "ఉన్నది" అనేది.

ఒకరోజు బాపే అడిగిండు. "బిడ్డా, తదితరులు అంటె అర్థమేంది?"

అబద్ధం ఏది దొరికితె అది చెప్పింది. "అమ్మవారి పేరు బాపూ. సంస్కృతంల."

ఆ మాట అన్నందుకు తదితరులమ్మ బతికినన్నాళ్ళు లెంపలేసుకున్నది. ఎందుకంటె బాపు ఆ పొద్దే రేడియోకు పసుపు కుంకుమ పెట్టిండు. బోనాలకు మొక్కేటప్పుడు ఊరి తల్లుల పేర్లన్ని తల్చి, ఆఖర్ల "తల్లీ తదితరులూ, బర్రెలను సల్లగ చూడు" అనుడు మొదలుపెట్టిండు.

"చూసినవా? అందరు ఆర్టిస్టులే అయిన్రు. నేనొక్కదాన్ని దేవతనయిన."

గిట్ల నడుస్తుండగ ఒకరోజు నాటకం గాలిల పోతున్నది. ముందు రికార్డు చేసుకునుడు కాదు, మైకుల అంటున్నప్పుడే ఇండ్లల్ల వినపడుడు. కొడుకు ఇల్లు విడిచి పోయే సీను. హీరోయినుకు మాట కాడ దగ్గు అడ్డం పడ్డది. నోరు మూసుకొని పక్కకు ఉరికింది. రేడియోల చప్పుడు ఆగితె చచ్చినట్టే. స్టూడియో అద్దం అవతల సారు ముఖం తెల్లబడ్డది. అప్పటికే ఏడుస్తున్న ఈమె కాయితం దిక్కు చూసింది. "ఎక్కడికి వెళ్ళిపోయావు నాయనా" అని ఉన్నది. తొవ్వల మార్సెటోడు ఆ రోజు కూడ నౌకరి మీదనే ఉన్నడు.

"ఏడికి పోయినవ్ కొడకా! గింత బువ్వ తిని పో అన్న గదరా!"

బువ్వ సంగతి కాయితంల లేనే లేదు. సారు అద్దం అవతల తలకాయ పట్టుకున్నడట. ఇగ రేపటి నుంచి మళ్ళ పాల గిన్నెనే అనుకొని ఈమె ఇంటికొచ్చింది.

వారానికి కార్డులు వచ్చినయి. సంచి నిండ కార్డులు. నాటకం బాగుంది అని కాదు. అన్నిట్ల ఒకటే ముచ్చట: ఆ కొడుకు మళ్ళొచ్చిండా? బువ్వ తిన్నడా? కోస్తా నుంచి కూడ వచ్చినయి. ఆ తల్లికి చెప్పండి, మీ అబ్బాయి మా ఊళ్ళో కనబడితే అన్నం పెట్టి పంపుతాం అని ఒకామె రాసిందట. సారు ఆ కార్డులన్ని ఈమె ముంగట కుప్ప పోసి, "అమ్మాయ్, ఇక నుంచి నువ్వు వచ్చిన అనే చెప్పు. మేమే రాసుకుంటాం" అన్నడు.

అట్ల మొదటిసారి పెద్ద పాత్ర. ఈమె నోటికి తగ్గట్టు రాసిన నాటకం. ఆ రోజు పేర్లల్ల మొట్టమొదటి పేరు ఈమె అసలు పేరు.

ఏ ఆడపిల్లకైనా ఎగిరి గంతెయ్యాల్సిన రోజు. ఈమెకు మాత్రం చెమటలు పడుతున్నయి. ఆలోచించున్రి. ముంగట అసలు పేరు చదువుతరు, ఆఖర్ల మరియు తదితరులు అంటరు. కొట్టంల బాపు వింటడు. బిడ్డ ఒక్కతే, పేర్లు రెండా అనుకుంటడు. ఎవర్నో ఒకర్ని అడుగుతడు. ఇన్నేండ్లు కుంకుమ పెట్టిన మాటకు అర్థం మిగిలినోళ్ళు అని తెలుస్తది. బస్తీ మొత్తం నవ్వుతది. ఆ నవ్వు బాపు మీద పడ్తది.

పోయి అనౌన్సరును పట్టుకున్నది. "సారూ, ఇయ్యాల తదితరులు అనకున్రి."

"అనకపోతే మిగతావాళ్ళ సంగతేంటమ్మా?"

"పేర్లు చదువున్రి. గుర్రమాయన పేరు, వానామె పేరు, అందరివి."

"టైము లేదు. పేర్లకు ఉన్నది ముప్పై సెకన్లు. మొత్తం చదవాలంటే ఇంకో అర నిమిషం కావాలి. ఎక్కడినుంచి తేను?"

తదితరులమ్మ ఒక్క క్షణం కూడ ఆలోచించలేదట. "నా ఏడుపులకెల్లి కోసుకోన్రి."

అంత పెద్ద పాత్రల అది పేరు తెచ్చే ఏడుపు. ఒకటిన్నర నిమిషం రాసుకున్నరు. దాన్ని నిమిషంల ముగిచ్చింది. మిగిలిన అర నిమిషంల అనౌన్సరు పదకొండు పేర్లు చదివిండు. కొబ్బరి చిప్పలాయన స్టూడియోలనే నిలబడి ఉన్నడు. తన పేరు తాను మొదటిసారి విని, రెండు చిప్పలు కింద పడేసిండు. టక్కుమని ఆ చప్పుడు కూడ గాలిల పోయింది. వినెటోళ్ళు ఇంకో గుర్రం వచ్చిందనుకున్నరు.

ఇంటికి పోయెటాళ్ళకు బాపు కొట్టం ముంగట నిలబడి ఉన్నడు.

"విన్నవా బాపూ?"

"విన్న. నీ పేరు ముంగట చెప్పిన్రు. మంచిగనే ఉన్నది." జరసేపు గడ్డం గోకిండు. "గని బిడ్డా, నీ పేరు చెప్పే సందుల అమ్మవారి పేరు మర్చిపోయిన్రు. అపచారం. రేపు పోయి చెప్పు వాళ్ళకు."

"చెప్త బాపూ," అన్నది.

చెప్పలే. బాపు పోయేదాక తల్లీ తదితరులూ అని మొక్కుతనే ఉన్నడు. "ఆయన మొక్కింది తప్పెట్లయితది రా?" అని ఒకసారి నన్నే అడిగింది. "పేరు లేనోళ్ళందరికి ఒక దేవత ఉండద్దా?"

నేను ఏడో క్లాసోన్ని. చాయ్ తాగున్రి పెద్దమ్మా అన్న.

నాకు మైకు పని నేర్పినప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే. కాయితాలకు పిన్ను కొట్టొద్దు, చదివిన కాయితం చప్పుడు లేకుండ కింద పడెయ్యాలె అని చెప్పింది. ఊపిరి మాటకు ముందు తీస్కోవాలె, నడుమ కాదు అని చెప్పింది. అవి నేర్చుకుంటె నేర్చుకో లేకుంటె లేదు అన్నది. గని మైకుల తదితరులు అన్ననాడు నా గడప తొక్కకు అన్నది.

ఇగ నేను కండ్లార చూసింది చెప్త. ఐదారేండ్ల కింద పాత రేడియో కళాకారులకు సన్మానం అని ఏదో సంఘమోళ్ళు ఒక హాల్ల సభ పెట్టిన్రు. మైకు సెట్టు నాకే వచ్చింది. ఆహ్వాన పత్రిక చూస్తె అయిదు పేర్లు పెద్ద అక్షరాలల్ల, కింద చిన్నగ "మరియు తదితరులు". నాకు మండింది. తదితరులమ్మ పత్రికను కండ్లకు జానెడు దూరం పెట్టి చూసి, "చూడు, నా పేరు అచ్చయింది" అన్నది.

బాక్సులేసుకొని నా ట్రాలీ ఆటోలనే పోయినం. ముంగట నా పక్కకు కూసున్నది. ఫోన్ల మ్యాపు ఆమె మాట్లాడుతున్నది, రెండు వందల మీటర్ల తర్వాత ఎడమ వైపు తిరగండి అని.

"ఎవరు రా ఈమె? ఊపిరి తీస్కుంటలేదు."

"మనిషి కాదు పెద్దమ్మా, మిషిను."

నేను మాటల్ల పడి మలుపు తప్పిన. మ్యాపు ఆమె ఏం కోపం లేకుండ మళ్ళ కొత్త తొవ్వ చెప్పింది. తదితరులమ్మ జరసేపు విన్నది. "తప్పు పోయినా తిడ్తలేదు. మంచిదే పాపం. గని ఆర్టిస్టు కాదు."

హాల్ల ముందు వరుసల ముసలోళ్ళు కూసున్నరు. కొబ్బరి చిప్పల గుర్రం సారు చేతికర్ర పట్టుకొని వచ్చిండు. వానామె చక్రాల కుర్చీల ఉన్నది. ముఖ్య అతిథి ఆలస్యంగ వచ్చిండు, తొందరగ పోవాలె. ఉపన్యాసాలే గంటన్నర తిన్నయి. అయిదుగురికి శాలువలు కప్పిన్రు. ఫోటోలయినయి. మైకు కాడ ఉన్నాయన చెయ్యి గడియారం చూసుకొని చదివిండు:

"సమయాభావం వలన మిగతా తదితరులు దయచేసి కింద బల్ల దగ్గర తమ శాలువలు తీసుకోగలరు."

ముసలోళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు. గుర్రం సారు లేద్దామని కర్ర వెతుక్కుంటుండు, బల్ల దిక్కు పోదామని. అప్పుడు చూస్తె తదితరులమ్మ స్టేజీ మెట్లెక్కుతున్నది. ఒక చెయ్యి మెట్ల కడ్డీ మీద, ఇంకో చేతుల చీర కుచ్చిళ్ళు. ఎనభై దాటిన మనిషి. ఎవరో ఆపబోయిన్రు. చెయ్యి చాపి జానెడు దూరం చూపిచ్చింది. వాళ్ళు ఆగిపోయిన్రు.

మైకు ముంగట నిలబడ్డది. లవంగం ఈ బుగ్గకెల్లి ఆ బుగ్గకు పోయింది.

"తదితరులు అని పిలిచిన్రు. వచ్చిన."

ఏ మాట నప్పదని ఒకప్పుడు ఆమెను ఏడుపుకు మాత్రమే ఉంచుకున్నరో, అదే మాట. లేచి పోబోయిన ముఖ్య అతిథి సగం లేచినోడు సగంలనే ఆగిండు.

"నా శాలువ నాకొద్దు. ఆ టైము నాకియ్యున్రి. అర నిమిషం."

షురూ చేసింది. కాయితం లేదు చేతుల. మొదటి పేరు చెప్పింది. "ఈయన పన్నెండు నాటకాలల్ల సచ్చిపోయిండు. ప్రతి సావు వేరే తీరు. లెవ్ బాబూ." ఆయన లేచిండు. రెండో పేరు. "ఈమె చేట ఆడిస్తె ఊర్లల్ల జనం ఆరేసిన బట్టలు తీసుకున్నరు." చక్రాల కుర్చీల ఉన్నామె రెండు చేతులెత్తి చేట చెరిగినట్టు ఊపింది. మూడో పేరు, నాలుగో పేరు. ఒకాయన పోయి ఏడాది, భార్య వచ్చి కూసున్నది. ఆయన పేరు కూడ చెప్పి, "ఈయన నవ్వు నా దగ్గర దాచి పెట్టిన" అని, ఆయన నవ్వు నవ్వి వినిపిచ్చింది. ఆ భార్య కొంగు నోట్ల కుక్కుకున్నది.

సంఘం ఆయన నా దిక్కు తిరిగి గొంతు మీద చెయ్యి అడ్డం గీసి చూపుతుండు, మైకు కట్ చెయ్యి అని. ఏడో క్లాసుల బడి మానేసినోన్ని. సైగల భాష మాకు చెప్పలే. పెంచమంటుండు అనుకొని రెండు పాయింట్లు పెంచిన.

అర నిమిషం ఎప్పుడో అయిపోయింది. ఎవరు గడియారం చూస్తలేరు. పదకొండో పేరు గుర్రం సారుది. ఆయన లేచి, కర్రతోని కుర్చీ చెయ్యి మీద కొట్టుడు మొదలుపెట్టిండు. టకటక, టకటక. మెల్లగ నడక, తరువాత పరుగు. హాల్లకెల్లి గుర్రం ఉరుకుతున్నది. వెనుక వరుసలోళ్ళు తిరిగి చూసిన్రు, నిజంగనే. గుర్రం వచ్చి స్టేజీ కాడ ఆగింది. గుర్రం సారు ఊపిరి తీసుకున్నడు, మాటకు ముందు, నడుమ కాదు. పాత అనౌన్సరు తీరుగ ఆమె అసలు పేరు చెప్పిండు. ఇంటి పేరుతోని సహా. ఇంటి పేరు ముంగట "ఛత్రినాక పాలోళ్ళ బిడ్డ" అని కూడ కలిపిండు.

జనం లేచిన్రు. ముఖ్య అతిథి కూడ లేచిండు, ఈసారి పోవడానికి కాదు. చప్పట్లు ఎంత సేపంటె, నా పాత బాక్సు ఒకటి అప్పటిదాక గరగరమంటుండె, దాని రోగం కుదిరింది. శాలువల బల్లను ఇద్దరు మోసి స్టేజీ మీదికెక్కిచ్చిన్రు. అందరికి పైననే కప్పిన్రు. అన్నిటికన్న ఆఖర్ల ఆమెకు. పెద్దోళ్ళ పేరు ఆఖర్లనే చెప్తరని బాపు అననే అన్నడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోల చార్మినార్ దాటినంక అన్నది. "బాపు వింటె ఒకటే మాట అనెటోడు."

"ఏమని పెద్దమ్మా?"

"అమ్మవారి పేరు నువ్వన్న చెప్పినవ్ బిడ్డా అని."

ఈ ఏడు బోనాలకు ముందు పోయింది. మస్తు జనం వచ్చిన్రు, మస్తు ఏడ్చిన్రు. ఆమె వింటె ఒక్కరిది కూడ ఓకే చెయ్యకపోవు. "ముక్కుల ఏడ్వున్రి, కండ్లల్ల కాదు" అనేది. నేను దుకాణంల జిలేబి తిని పోయిన. అయినా కండ్లల్లనే వచ్చింది.

ఇగ పేరు ఎందుకు రాస్తలేనంటె, ఆమె ఆర్డరు అది. "పేరు కాయితం మీద పడుకుంటది రా. గాలిల లేచి నిలబడ్తది. నా పేరు రాయకు, అను." అందుకని రాస్తలేను. కావాల్నంటె మా దుకాణానికి రాన్రి. జానెడు దూరంల నిలబడి, ఎకో పెట్టి మరీ వినిపిస్త.

పెండ్లి సంగతి సగంల విడిచిపెట్టిన గదా. కాయితం చేతుల పట్టుకొని బుస్సుబుస్సుమంటున్న. కాయితాన్ని చప్పుడు లేకుండ కింద పడేసిన. మైకు ఎత్తుకొని వంటల కాడికి పోయిన.

"నీ పేరేంది తాతా?" అన్నం వార్చే ఆయన ఉలిక్కిపడి చెప్పిండు. చదివిన. గిన్నెలు తోమే అక్కల పేర్లు అడిగి చదివిన. పందిరేసినోళ్ళు, పూలు గుచ్చినామె, డప్పులోళ్ళు, జనరేటరు కాడ నిద్రపోతున్నాయన, ఆయన్ని లేపి మరీ. ఒక్కొక్క పేరు బాక్సులల్ల పలుకుతుంటె ఒక్కొక్కరు పని ఆపి నిలువుగ నిలబడుతున్నరు. గిన్నెల కాడ ఒకామె తన పేరు విని తడి చెయ్యి చీరకు తుడుచుకున్నది, ఎవరో షేక్‌హ్యాండ్ ఇస్తరన్నట్టు.

అన్నాల పిలుపు కోసం చూసుకుంట ఒకాయన ఒర్రిండు. "ఓ భాయ్, ఆకలైతున్నది! బిర్యానీ సల్లగయితున్నది!"

"అర నిమిషం అన్నా, నా జోకులల్లకెల్లి కోసుకుంటున్న" అని ఇంకో ఆఖరి పేరు చదివిన. లిస్టుల లేని పేరు. ఇంటి పేరుతోని సహా. పందిరంత మోగింది.

మేనమామ ఉరికొచ్చిండు. పరేషాన్ల ఉన్నడు. "అన్నా, గామె ఎవరు? మాకు తెల్వదు. పిల్ల దిక్కా, పిల్లగాని దిక్కా?"

"రెండు దిక్కులు కాదు మామా," అన్న. "తదితరుల దిక్కు. పోయి ముందుగాల ఆమె విస్తరి ఎయ్యి."